కాలువలో కలవనివి

మా పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఒంటిపూట బడులు, పదకొండు కావస్తోంది. హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి, "అమ్మా, మీ ఊరి నుంచి ఫోనండి. మీ పెద్దమ్మగారు..." అని ఆగిపోయారు. పిల్లల్ని పక్క క్లాసులో కూర్చోబెట్టి బస్సెక్కాను. ఊరు చేరేసరికి చర్చి గేటుకు అప్పుడే కాగితం అంటించేశారు. "ప్రభువునందు నిద్రించారు" అని రాసి ఉంది. మావాళ్ళలో ఎవరు పోయినా రాసే మాటే అది. కానీ పెద్దమ్మ ఆఖరి మూడేళ్ళు సరిగ్గా నిద్రపోలేదు. ఆ నిద్ర చెడగొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా చర్చి సంఘం పత్రికకు ఆవిడ గురించి ఒక పేజీ రాయమని కార్యదర్శిగారే అడిగారు. "చదివినవాళ్ళకి కాస్త ఆదరణగా ఉండాలి టీచరుగారూ" అన్నారు. రాసిచ్చాను. రెండు రోజులకు తిరిగొచ్చింది, "ఇది వెయ్యలేమండి" అన్న చీటీతో. ఈ నాలుగు మాటలు ముందు చేర్చి, ఆ కాగితాలే ఇప్పుడు మీ చేతిలో పెడుతున్నాను. ఆదరణ కావలసినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆవిడ మా అమ్మకు అక్క. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోయారు. పిల్లలు లేరు. అయినా ఊళ్ళో ముసలివాళ్ళ నుంచి పసివాళ్ళ దాకా అందరికీ పెద్దమ్మే. ధవళేశ్వరం నుంచి దిగివచ్చే కాలువ గట్టున మా చర్చి. నెలలో మొదటి ఆదివారం అక్కడ ప్రభువు శరీరానికి, రక్తానికి గుర్తుగా అందరికీ రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షారసం పంచుతారు. దాన్ని మేము "బల్ల" అంటాం. నలభై ఏళ్ళ పాటు ఆ బల్ల పని మా పెద్దమ్మది. జీతం లేదు, పదవి లేదు. ఆవిడను ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే "బల్ల చూసుకుంటున్నానండి" అనేది, తాసీల్దారు ఉద్యోగం చెప్పుకున్నట్టు.

ఎండాకాలం మొదట్లో రాజమండ్రి వెళ్ళి నల్లద్రాక్ష తెచ్చేది. కడిగి, ఆరబెట్టి, చేత్తో చిదిమి, పంచదార వేసి జాడీలో పోసి మూతికి గుడ్డ కట్టేది. మా చిన్నప్పుడు ఆ జాడీ ఉన్న గదిలోకి వెళ్ళి వాసన చూసి వచ్చేవాళ్ళం. నలభై రోజుల తర్వాత వడకట్టి సీసాల్లో నింపి, బెండు బిగించి, కొవ్వొత్తి మైనం చుట్టూ కార్చేది. ఆరు సీసాలు నింపితే ఏడాదికి సరిపోయేవి.

ఆ సీసాలు ఎక్కడివో చెబితే మీరు నవ్వుతారు. మెయిన్ రోడ్డు మీద వైన్ షాపు వెనక ఏరుకొచ్చినవి. మందపాటి గాజు, మంచి మెడ. బైబిలు చంకలో పెట్టుకుని, తెల్లచీర కట్టుకున్న మనిషి వైన్ షాపు వెనక వంగి సీసాలు ఏరుతుంటే తాగేవాళ్ళు సిగ్గుపడి లేచి నిలబడేవారట. "వైన్ షాపు అని బోర్డు పెట్టుకుంటారు గానీ లోపల వైను తప్ప అన్నీ ఉంటాయటే. వైనేమో నా దగ్గరుంది, సీసాలు వాళ్ళ దగ్గరున్నాయి" అని నాతో అని పకపకా నవ్వింది. తొంభైల్లో మద్యనిషేధం వచ్చినప్పుడు ఆడవాళ్ళందరితో పాటు తనూ సంతోషించింది. ఆ సాయంత్రమే, ఉన్న ఆరు సీసాలూ పగలకుండా ఒక్కొక్కదానికీ పాత చీర గుడ్డతో తొడుగు కుట్టింది.

ఆవిడ సీసా కడగడం ఒక అరపూట పని. గుప్పెడు ఇసుక, కుంకుడు రసం వేసి గిలకరించేది. ఎండకు ఎత్తి చూసి, నచ్చకపోతే మళ్ళీ మొదలుపెట్టేది. బల్ల దగ్గర వాడే గ్లాసులు కూడా గాజువే, బొటనవేలంత ఉండేవి. ఆరాధన అయ్యాక వాటిని తొలి నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు మాత్రం చర్చి పక్కన కనకాంబరాల మొదట్లో పోసేది. ద్రాక్షారసం తాకిన చుక్క మురుగులోకి పోకూడదని ఆవిడ నియమం. తర్వాత వేడినీళ్ళలో మరగబెట్టి తెల్లగుడ్డ మీద బోర్లించేది. ఎవరికైనా జ్వరమో దగ్గో ఉంటే వాళ్ళ గ్లాసు రెండుసార్లు మరిగించేది, వాళ్ళకు తెలియకుండా.

ఇలా సాగుతున్నదాన్ని మేం చెడగొట్టాం.

కాకినాడలో ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన పెద్దమనిషి సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఒకరోజు సీసా అడుగున గాజులో పోతపోసిన అక్షరాలు చదివి ఉలిక్కిపడ్డారు. "బ్రాందీ సీసాలో ప్రభువు రక్తమా అండీ!" అని కమిటీ పెట్టారు. పెద్దమ్మను పిలిచి నిలబెట్టారు. నలభై ఏళ్ళు చేసిన మనిషికి కుర్చీ వెయ్యాలని ఒక్కరికీ తోచలేదు.

"సీసాకి పాపం ఉంటుందాండీ? కడిగితే పోతుంది. వారం వారం మనల్నే కడుగుతున్నారు, మనకి పోతుందా?" అందావిడ.

పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. కార్యదర్శిగారు నవ్వలేదు. పట్నం చర్చిల్లో అంతా హైజీనిక్‌గా ఉంటుందని, వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయని, ద్రాక్షరసం సీలు వేసిన అట్టడబ్బాల్లో దొరుకుతోందని చెప్పి, ఒక డబ్బా బల్ల మీద పెట్టారు. కొందరు గొణిగారు. అప్పుడు లేచి మాట్లాడింది ఎవరనుకున్నారు? నేనే. స్త్రీల సమాజానికి సెక్రటరీని, పైగా బళ్ళో సైన్సు కూడా చెప్పేదాన్ని. అంతకు వారం ముందే ఏదో పేపర్లో చదివాను. గాజు చెయ్యాలంటే కొలిమిలో ఇసుక కరగాలని, సీసా బరువని, అట్టడబ్బా తేలికని, అదే లారీలో ఎక్కువ పడతాయని, డీజిల్ మిగులుతుందని, పర్యావరణానికి ఇదే మంచిదని దంచేశాను. అందరూ తలలూపారు. తీర్మానం మీద రెండో సంతకం నాది.

బయటికొచ్చాక పెద్దమ్మ నన్ను చెట్టు నీడకు లాగింది. "నువ్వు చెప్పిందంతా కొత్త సీసా సంగతే అమ్మాయ్. నేను కొత్త సీసా ఎప్పుడు కొన్నానే? ఆరు సీసాలు, ఎన్ని మొదటి ఆదివారాలు తిరిగాయో లెక్కెట్టు. ఒకసారి వాడి బద్దలు కొట్టేవాడికి గాజు కూడా దండగే. కడిగి వాడేవాడికి కదా లాభం? సరే, నీ డబ్బా తేలికే. రసం అయిపోయాక ఎక్కడికెళ్తుంది?"

పాఠం చెప్పేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న అదే, నేను అడగలేదు.

ఆవిడ ఊరుకోలేదు. ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చి బకెట్లో నానబెట్టింది. మూడో రోజు నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టి గోరుతో పొర తీసింది. పైన కాగితం చిరిగి చిరిగి వచ్చింది. దాని కింద ప్లాస్టిక్, ఆ కింద వెండిరేకు, మళ్ళీ ప్లాస్టిక్. "ఏంటే ఇది? కాగితం కొనేవాడు తీసుకోడు, రేకులు కొనేవాడు తీసుకోడు, ఆవు కూడా తినదు. నలుగుర్ని కలిపి అతికించేశారు, ఇప్పుడు ఎవరింటికీ పోరు" అంది. పాత సామాన్లవాడి బండి దగ్గరకు నిజంగానే పట్టుకెళ్ళి అడిగి వచ్చింది. అతను తీసుకోనన్నాడు. సీసా అయితే తీసుకుంటానన్నాడు.

ఇక గ్లాసుల సంగతి. పరిశుద్ధమైన రసం తాకిన గ్లాసుల్ని చెత్తకుప్పలో వెయ్యడానికి కమిటీవాళ్ళకు మనసొప్పలేదు. మా డెల్టాలో ఏ మతం వాళ్ళమైనా ఇక్కడ ఒకటే. పారేయడానికి చెయ్యి రానిది ఏదున్నా కాలువ దగ్గరకు తీసుకెళ్తాం. దేవుడి పటమైనా, వాడిన పూలైనా, చిరిగిన కీర్తనల పుస్తకమైనా సరే. "పారేశాం" అనం, "కాలవలో కలిపాం" అంటాం. అలాగే నెలనెలా సంచెడు ప్లాస్టిక్ గ్లాసుల్ని, ప్రార్థన చేసి మరీ, భక్తిగా కాలువలో కలిపారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నిర్లక్ష్యంగా చేసి ఉంటే తిట్టి మాన్పించేవాళ్ళం. భక్తితో చేసేవాళ్ళను ఏమని తిడతాం?

నాట్ల రోజుల్లో ఒక ఆదివారం దిగువ పొలాల రైతు ఒకాయన చర్చికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఆరాధన అయ్యేదాకా నిలబడ్డాడు. చేతిలో యూరియా సంచి. విప్పి చూపించాడు. నిండా మా గ్లాసులే.

"మా తూముకి అడ్డం పడ్డాయండి. మడిలోకి నీళ్ళు ఎక్కట్లేదు. మీ గుడివేనాండి?"

"అవి పవిత్రమైనవండీ. చెత్తలో వెయ్యకూడదని కాలవలో కలుపుతున్నాం" అన్నారు కార్యదర్శిగారు.

రైతు సంచిలోంచి ఒక గ్లాసు తీసి పైకెత్తి పట్టుకున్నాడు. "కలపడమంటే కలవాలి కదండీ" అన్నాడు. నమస్కారం పెట్టి, సంచి అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ ఆ మాట మర్చిపోలేదు. "నలభై ఏళ్ళు బైబిలు చదివాను గానీ ఆ ముక్క నాకు తట్టలేదే" అని నాతో ఎన్నిసార్లందో. కమిటీ ఏం చేసిందంటారా? మరుసటి నెల నుంచి గ్లాసులు ఆయన తూముకు ఎగువన కాకుండా దిగువన వేశారు. దాన్ని పరిష్కారం అన్నారు. మినిట్స్ పుస్తకంలో కూడా రాశారు.

ఆ తర్వాత ప్రతి మొదటి ఆదివారం పెద్దమ్మ చర్చి మెట్ల మీద బకెట్ పెట్టుకుని కూర్చునేది. బయటికి వచ్చేవాళ్ళను "అమ్మా, గ్లాసు ఇందులో వెయ్యండి. అయ్యా, ఇటివ్వండి" అని అడిగేది. కొందరు వేశారు. కొందరు చూడనట్టు వెళ్ళారు. మూడో నెల కార్యదర్శిగారు వచ్చి, "ముష్టికి కూర్చున్నట్టుంది పెద్దమ్మా, సంఘానికి పరువు తక్కువ" అన్నారు. ఆవిడ బకెట్ తీసుకుని లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది, మోకాళ్ళ నొప్పులు. ఆ రోజు నేను ఆవిడ పక్క నుంచే బయటికి వచ్చాను. నలుగురూ చూస్తున్నారని నా గ్లాసు కమిటీ సంచిలోనే పడేశాను. ఆవిడ చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఆవిడ బల్లకు రావడం మానేసింది. అలిగిందన్నారు. గాజు గ్లాసులు చర్చి వెనక వెస్ట్రీ గది బీరువాలో పేపర్లో చుట్టి ఉన్నాయి, వాటిలో ఇస్తే వస్తానంది. ఎవరూ తియ్యలేదు. ఈ మాట రాసేనాటికీ అవి అక్కడే ఉన్నాయి, తాళం కార్యదర్శిగారి దగ్గరుంది.

మంచం పట్టాక పాస్టరుగారు ఇంటికే రొట్టె, రసం తెచ్చారు. మంచి మనిషే, గట్టిగా మాట్లాడలేరు, అంతే. సంచిలోంచి అట్టడబ్బా, ప్లాస్టిక్ గ్లాసు తీసేసరికి పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యగారూ, ఇది తాగి నేను పోతాను. ఈ గ్లాసు ఎప్పుడు పోతుందండి?"

ఆయన ప్లాస్టిక్ గ్లాసు మళ్ళీ సంచిలో పెట్టేశారు. నేను వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చాను. అందులో పోశారు. తాగి, కాసిని నీళ్ళు పోయించుకుని, గ్లాసు గిర్రున తిప్పి ఆ నీళ్ళూ తాగేసింది. రెండేళ్ళ తర్వాత ఆవిడ తీసుకున్న బల్ల అదే, ఆఖరిదీ అదే. వారానికి పోయింది.

సమాధి అయ్యాక పెట్టిన ఆదరణ కూడికలో కార్యదర్శిగారు మాట్లాడుతూ ఆవిడను "పరిశుభ్రతకు మారుపేరు" అన్నారు. జనం అవునవునన్నారు, ప్లాస్టిక్ కప్పుల్లో టీ తాగుతూ. నేను లేచి వచ్చేశాను. అక్కడ అరవలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా సమాధుల తోట కాలువ అవతలి గట్టున ఉంది. సమాధి రోజున పెట్టె మోసుకుంటూ, పాట పాడుకుంటూ బయల్దేరాం. వంతెన మీద మోసేవాళ్ళు భుజాలు మార్చుకోవడానికి ఆగారు. ఎండాకాలమని కాలువలకు నీళ్ళు కట్టేసి అప్పటికి వారం. నీళ్ళు లేవు, అడుగున ఒండ్రు ఎండి బీటలు తీస్తోంది. ఆ ఒండ్రులో, వంతెన కింద నుంచి మలుపు దాకా, మా గ్లాసులు. వందల కొద్దీ ఉన్నాయి. కొన్ని పక్కకు ఒరిగి, కొన్ని నిటారుగా నిలబడి, అంచుల దాకా మట్టి నిండి.

ముందు ఆడవాళ్ళ పాట ఆగింది, తర్వాత మగవాళ్ళది. పాస్టరుగారు కిందికి చూస్తూ ఉండిపోయారు. "ఎండగా ఉంది, కానివ్వండి, కానివ్వండి" అన్నారు కార్యదర్శిగారు. పెట్టె మళ్ళీ లేచింది. అందరూ దాని వెంట నడిచారు. నేను వంతెన గోడ పట్టుకుని వంగి, ఆ రోజు పెద్దమ్మ చూస్తుండగా నేను సంచిలో పడేసిన గ్లాసు ఏదా అని వెతికాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.