మరచెంబు మూత

పావుసేరు కూడా తూగని ఇత్తడి మూత అది. పన్నెండేళ్లుగా మోస్తున్నాను. షెడ్డులో నలుగురితో నవ్వుతూనే ఉంటాను, ఇంజన్లు విప్పుతాను, బిగిస్తాను. ఎవరైనా "మేస్త్రీ చెయ్యి పడితే చాలు" అన్నప్పుడు మాత్రం అది వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. ఆ మాత్రం చాటు ఉంటే తప్ప నాకు నోరు పెగలదు.

ముందే ఒక మాట. నేను పని రానివాణ్ణి కాను. ప్రొద్దుటూరులో కారు మొరాయిస్తే నా షెడ్డుకే తెచ్చేవాళ్లు, ఇప్పటికీ తెస్తారు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో మా ఊళ్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఏ బండి ఎట్లా దగ్గుతుందో, ఏది ఎందుకు తుమ్ముతుందో నాకు తెలుసు. బానెట్ ఎత్తకముందే రోగం చెప్పేవాణ్ణి. పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమయ్యేది. ఇప్పుడు చెప్పేది ఆ పదోసారి సంగతి.

మాది ఇత్తడి పని చేసే ఇల్లు. మా నాయన మరచెంబులు చేసేవాడు. ప్రయాణంలో నీళ్లు పట్టుకుపోయే చెంబు, మూతకు మర ఉంటుంది, తిప్పి బిగిస్తే తలకిందులు చేసినా చుక్క కారదు. ఆయన చెంబు నిండా నీళ్లు పోసి, బిగించి, పొడిగుడ్డలో చుట్టి కొనేవాడి చేతికిచ్చేవాడు. గుడ్డ తడిస్తే చెంబు ఊరికే తీసుకుపొమ్మనేవాడు. నాకు తెలిసి ఏ గుడ్డా తడవలేదు. అట్లాంటి ఇంట్లో పుట్టి, మూత బాగాలేదంటే ఊరుకుంటానా?

ఆ ఏడు మిల్లాయన కారుకు పెట్రోలు ట్యాంకు మూత దారిలో ఎక్కడో ఊడి పడిపోయింది. మిల్లాయన అంటే పత్తి మిల్లు యజమాని, ఊరంతా అట్లాగే పిలిచేది. కొత్త మూత మద్రాసు నుంచి రావాలి. నెల పడుతుందన్నారు. నెలెందుకు, నాలుగు రోజుల్లో నేనే చేస్తానన్నాను. చేశాను కూడా. మంచి ఇత్తడి, లోతైన మర, లోపల తోలు వాషరు, పైన తామరపువ్వు చెక్కడం. బిగిస్తే పెట్రోలు వాసన కూడా బయటికి రాదు. మిల్లాయన మురిసిపోయాడు. నేను ఆయన కంటే ఎక్కువ మురిసిపోయాను.

ఆ కారు డ్రైవరు మస్తాన్. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. యుద్ధంలో మిలటరీ లారీలు నడిపి వచ్చినవాడు. నేను మామా అనేవాణ్ణి, అతను అల్లుడా అనేవాడు. నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఎవరూ నమ్మి బండి ఇవ్వలేదు. అప్పుడు మిల్లాయనను ఒప్పించి మొట్టమొదటి కారు నా దగ్గరికి తోలుకొచ్చింది మస్తానే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. గుర్తుపెట్టుకోవలసిన రోజున నేను పెట్టుకోలేదు.

కొత్త మూత పెట్టినప్పటి నుంచి కారు తిక్కతిక్కగా చేయడం మొదలుపెట్టింది. ఊళ్లో బాగానే తిరిగేది. పది మైళ్లు పోయేసరికి రెండుసార్లు దగ్గి నిలబడిపోయేది. ఇక ముందువైపు హ్యాండిల్ పెట్టి ఎంత తిప్పినా ఇంజను లేవదు. గంటో రెండు గంటలో నిలబెడితే లేచేది. మస్తాన్ షెడ్డుకు తెచ్చేవాడు. పెట్రోలు చూద్దామని నేను మూత తీసి, మళ్లీ పెట్టి, హ్యాండిల్ వేస్తే ఒక్క తిప్పుకే లేచేది. మూడుసార్లు అంతా విప్పాను. ప్లగ్గుల్లో నిప్పురవ్వ బ్రహ్మాండంగా ఉంది. కార్బురేటర్ శుభ్రం. పంపు పెట్రోలును చక్కగా చిమ్ముతోంది. బండిలో లోపం లేదు. చూసింది నేను, కాబట్టి లేదు. అప్పుడు నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఒక రోజు మిల్లాయన తన కొడుక్కి పిల్లను చూడటానికి జమ్మలమడుగుకు బయలుదేరాడు. ఊరు రెండు మైళ్లుందనగా కారు ఆగింది. పట్టుపంచె కట్టుకున్న మనిషి, నడిఎండలో అరగంట నిలబడి, చివరికి దారిన పోయే ఎద్దులబండి ఎక్కి పోయాడు. వియ్యాలవారి వాకిట్లో దిగి దుమ్ము దులుపుకుంటుంటే, వెనకనే ఆయన కారు దర్జాగా వచ్చి ఆగింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

మరునాడు పొద్దున్నే కారూ, యజమానీ, డ్రైవరూ ముగ్గురూ నా షెడ్డులో ఉన్నారు. చుట్టూ పదిమంది చేరారు.

"నేను దిగిపోయినాక ఎట్ల లేసింది బండి? ముందు అది చెప్పు" అన్నాడు మిల్లాయన.

మస్తాన్ ఆయన వైపు చూడలేదు. నాతో చెప్పాడు. "పెట్రోలు ఎంతుందో చూద్దామని మూత తిప్పినా అల్లుడా. హుస్సుమని గాలి పీల్చుకున్యాది. మళ్లా హ్యాండిల్ ఒక్కసారే తిప్పినా, లేసింది. ఈ కొత్త మూత పెట్టినప్పట్నుంచే ఇట్ల చేస్తాంది. ఆడేందో ఉండాది, చూడు."

కొత్త మూత అన్నాడు. పదిమంది ముందు అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కారుకు ఉబ్బసం వచ్చిందేమో మామా, మిరియాల కషాయం తాపు" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. మస్తాన్ కూడా నవ్వాడు, పాపం. నవ్వి, "ఎగతాళి కాదు అల్లుడా, ఒక్కసారి చూడు" అన్నాడు.

మిల్లాయన నవ్వలేదు. "ఏమప్పా మేస్త్రీ, నేను లేనప్పుడు నడిదావలో వీనికి పెట్రోలు మూతతో ఏం పని?"

చూస్తానులే అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకు నాకేం నష్టం? నేను గొంతు సవరించుకున్నాను. "బండిలో ఏ రోగమూ లేదు. మూడుసార్లు ఇప్పి చూసినా. మూత తీసేటోడు ఎందుకు తీస్తాడో నేను చెప్పల్లా? పెట్రోలు తీసి కిరసనాయిలు పోస్తే ఏ బండైనా దావలో నిలబడ్తాది."

"అల్లుడా" అన్నాడు మస్తాన్. మిల్లాయన అక్కడికక్కడే కారు తాళం చెవి లాక్కుని, ఇక మిల్లు వైపు కనపడొద్దన్నాడు.

నేను నమ్మే అన్నానా? చాలా ఏళ్లు అట్లాగే నాకు నేను చెప్పుకున్నాను. కోపంలో నోరు జారింది, అనుమానం వచ్చింది, అన్నాను, అంతే కదా అని. అబద్ధం. ఆ ట్యాంకులో కిరసనాయిలు కలిసి ఉంటే నా ముక్కుకు తెలియదా? మూడుసార్లు మూత తీసి చూసినవాణ్ణి, చేతుల మీద పోసుకుని వాసన చూసినవాణ్ణి. అది మంచి పెట్రోలు. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు.

అయినా అంతటితో ఆగి ఉంటే దాన్ని పొగరు అనేవాణ్ణేమో. పది రోజుల తర్వాత చేసిన దానికి నా దగ్గర ఏ పేరూ లేదు.

కిరసనాయిలు పోయేలా ట్యాంకు కడగమని మిల్లాయన కారును నా దగ్గరే వదిలాడు. కడిగి ఇచ్చే ముందు దాన్ని ఒక్కణ్ణే జమ్మలమడుగు దారిలో తోలాను. పదో మైలు దగ్గర దగ్గింది, ఆగింది. చుట్టూ నాపరాళ్ల చేలు, మనిషి జాడ లేదు. నేనే దిగి తిప్పాను. లేవలేదు. ప్లగ్గులు చూశాను, రవ్వ ఉంది. కార్బురేటర్ గొట్టం విప్పి హ్యాండిల్ తిప్పాను. పెట్రోలు రాలేదు. షెడ్డులో చిమ్మిన పంపు ఇక్కడ చిమ్మలేదు. గొట్టం పట్టుకుని ట్యాంకు దాకా వచ్చాను. మూత తిప్పాను. హుస్సుమంది.

ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి. కంపెనీ మూతకు అందుకోసం సన్నని బెజ్జం ఉంటుంది. నేను చేసింది మరచెంబు మూత. గాలిని కూడా పోనివ్వలేదు. లోపల గాలి లేక, పంపు ఎంత లాగినా పెట్రోలు కదల్లేదు. మస్తాన్ చదువు రానివాడు, చెవితో విని ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను కషాయం తాపమన్నాను.

కారు మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. అప్పుడైనా తిన్నగా మిల్లుకు పోయి, తప్పు నాది, మస్తాన్‌ను పిలిపించండి అని ఉండొచ్చు. మస్తాన్ అప్పటికి ఊళ్లోనే ఉన్నాడు. ఏం చేశానో తెలుసా? సంచిలోంచి సన్నమేకు తీసి, తామరపువ్వు నడిమధ్య, చెక్కడంలో కలిసిపోయి ఎవరికీ కనపడనంత బెజ్జం కొట్టాను. మిల్లాయనకు కారు అప్పజెప్పి, "అడుగున చేరిన మడ్డి అంతా కడిగేసినా, ఇంక ఆగదు" అన్నాను.

ఆగలేదు. మస్తాన్ పోయాడు, కారు బాగుపడింది. ఊరికి అంతకంటే ఏం రుజువు కావాలి? నా పేరు పెరిగింది. దొంగను పట్టిన మేస్త్రీ అన్నారు. మస్తాన్‌కు ప్రొద్దుటూరులో ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. జమ్మలమడుగులోనూ ఇవ్వలేదు. పెట్రోలు దొంగ అన్న మాట అతనికంటే ముందు ఊళ్లు చేరింది. చివరికి పెళ్లాం బిడ్డలతో పులివెందులకు పోయి ధాన్యం అంగట్లో బస్తాలు మోశాడు. మిలటరీ లారీ నడిపినవాడు మళ్లీ బండి ముట్టుకోలేదు.

పోయిన నెల లారీ పని మీద పులివెందుల పోయాను. వెతికి పట్టుకున్నాను. అంగడి ముందు బస్తా మీద కూర్చుని ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు. నేను ముందూ వెనకా చూసుకోకుండా మొత్తం చెప్పేశాను, మూత, బెజ్జం, మడ్డి అన్న అబద్ధం, అన్నీ. తిడతాడనుకున్నాను. పోనీలే అంటాడని కూడా లోపల ఆశ ఉంది, దాచడమెందుకు.

"నాకెందుకు చెప్తాండావు?" అన్నాడు. "నేను తీయలేదని నాకు తెలుసు గదా. తెలీనోళ్లకు చెప్పుపో."

లేచి, బస్తా వీపుకెత్తుకుని లోపలికి పోయాడు.

బస్సులో వస్తూ సాకులు వెతికాను. మిల్లాయన చనిపోయాడు కదా, ఇప్పుడెవరికి గుర్తుంటుంది, ఎవరికి చెప్పాలి? ఆ సాకులూ నిలవలేదు. మొన్న పండక్కి కూడా హోటల్లో ఎవరో అన్నారు, ఆ మస్తాన్ అంటే పెట్రోలు దొంగే కదా అని. అందరికీ గుర్తుంది. నేను టీ తాగుతూ విన్నాను, గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను.

షెడ్డు తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను. అతను నన్ను క్షమించలేదు, క్షమించమని నేను అడగను. ఊళ్లో నిలబడి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాట కూడా ఇవ్వను. కానీ ఈ కాగితం చదువుతున్న మీరు తెలియనివాళ్లలో ఒకరు కదా, మీతో మొదలుపెడుతున్నాను. మస్తాన్ ఆ కారులోంచి చుక్క పెట్రోలు తీయలేదు. కారును ఆపింది నేను. ఇప్పుడు మీకు తెలుసు.