నూట ఇరవై ఎనిమిదో పేజీ తర్వాత

2017 జూన్ 18, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నా పతనం మొదలైంది. జూలై 9, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలకు పరిపూర్ణమైంది. మధ్యలో గడిచినవి ఇరవై ఒక్క రోజులు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, నేను దినచర్య రాసే మనిషిని. సుఖాన్ని రాయడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ, పరువు పోయిన రోజును నిమిషాలతో సహా నమోదు చేయకుండా ఎన్నడూ నిద్రపోలేదు. పాఠకులు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు. ఆనాడు ముప్పై నలుగురు నవ్వారు. మీ ఒక్కరి వల్ల నాకు కొత్తగా కలిగే నష్టం లేదు.

సైదాబాద్‌లో మా కాలనీ సంఘం భవనం మేడ మీద ఒక చదువుల గది ఉంది. అప్పట్లో అందులో అరవై రెండు పుస్తకాలుండేవి. వాటిలో పదకొండు పాత రైల్వే టైంటేబుళ్లు. ప్రతి నెలా రెండో ఆదివారం అక్కడ సభ జరుగుతుంది. ఆ గది గడప దాటిన వారెవరైనా సరే లేచి నిలబడి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఇప్పుడేం చదువుతున్నారు? ఎందుకు? మిగతావారు రెండేసి నిమిషాల్లో ముగించి కూర్చునేవారు. నేను మాత్రం ఆ రెండు ప్రశ్నలూ నా కోసమే పుట్టాయని నమ్మేవాణ్ణి.

ఆ జూన్ ఆదివారం మలక్‌పేట నుంచి సుగుణ టీచరమ్మ మా గది చూడటానికి వచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినావిడ. చిన్న ఇంటికి మారుతున్నారు. రెండు బీరువాల నిండా ఉన్న నాలుగు వందల పన్నెండు పుస్తకాలను ఎవరికో ఒకరికి అప్పగించాలి.

"ఇస్త. కాని మీరు చదువుతరా, అద్దాల వెనక పెట్టి చూసుకుంటరా? నాకు ఆ సంగతి తేలాలె," అన్నారామె రైల్వే టైంటేబుళ్ల వైపు చూస్తూ.

"మేడమ్, నేను రోజుకు ఇన్ని పేజీలని లెక్క పెట్టుకుని చదువుతాను," అన్నాను.

ఆమె సంచిలోంచి ఒక పాత నవల తీసి నా చేతిలో పెట్టారు. "అయితే ఇది చదివి వచ్చే సభల చెప్పండి. విన్నంక నిర్ణయిస్త."

నాలుగు వందల పన్నెండు పుస్తకాల భవిష్యత్తు నా నోటి మీద ఆధారపడి ఉందని కాలనీ అంతటికీ తెలిసిపోయింది. తెలియజేసింది నేనే.

ఆ నవలకు అట్ట లేదు. మొదటి పేజీ లేదు. కాబట్టి పేరూ లేదు, రాసినవారి ఊరూ లేదు. కుట్లు వదులై పేజీలు వేలాడుతున్నాయి. ఇంకొకరైతే అలాగే చదివేసేవారు. కానీ వదులు కుట్ల పుస్తకం చదవడమంటే నాకు గుండీలు లేని చొక్కాతో పెళ్లికి పోయినట్టుంటుంది. మర్నాడే సంతోష్‌నగర్‌లో బైండింగు పని చేసే యాదగిరి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాలుగు పనుల్లో మునిగి ఉన్నాడు.

"శనివారం తీస్కపోండ్రి సారు. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు.

నేను ఫికర్ చేయలేదు. అదే నా మొదటి తప్పు.

శనివారం పుస్తకం ముస్తాబై వచ్చింది. మూడు వందల నాలుగు పేజీలు. చేతిలో పద్నాలుగు రోజులు. రోజుకు ఇరవై రెండు పేజీలు, చివరి రోజు పద్దెనిమిది. ఆదివారం మొదలుపెట్టాను. కథానాయిక నాగరత్నం. మాట పడీ పడీ మౌనమైపోయిన మనిషి. ఒక వానరోజు ఇల్లు వదిలి వెళ్లిపోవాలని నిశ్చయించుకుంటుంది. ఆరో రోజు, జూన్ 30 సాయంత్రం, బాల్కనీలో కూర్చుని నూట ఇరవై ఎనిమిదో పేజీ చివరి వాక్యానికి వచ్చాను.

"నాగరత్నం వాన వెలిసే దాకా ఆగి, మూట చంకన పెట్టుకుని, తలుపు గడియ తీసి, బయటికి తొంగి చూసేసరికి"

పేజీ తిప్పాను.

"పొదుగు వాచి, తాకినచో గేదె తన్నుట గమనించవలెను."

నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కుర్చీలోంచి లేచి బాల్కనీలో ఆ చివర నుంచి ఈ చివరకు పదహారు సార్లు నడిచాను. ఎంతటి సాహసం! ఇల్లు వదిలే స్త్రీ మనసును వర్ణించడానికి మాటలు చాలవని గ్రహించి, ఆ బాధనంతా ఒక మూగజీవి మీదికి మళ్లించిన ఆ మహా రచయిత ఎవరో గదా! అక్షరాల సైజు కూడా మారింది. మనసు మారితే అక్షరం మారదా? పేజీ సంఖ్య చూశాను. ముప్పై మూడు. పాఠకులారా, నూట ఇరవై ఎనిమిది తర్వాత నూట ఇరవై తొమ్మిది రావాలని నాకు తెలియదా? నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయాను. ఆయన కాలాన్ని సరిగ్గా తొంభై అయిదు పేజీలు వెనక్కి తిప్పాడు!

పదహారు పేజీల పాటు గేదె ఈనింది, జబ్బుపడింది, కోలుకుంది. నలభై ఎనిమిదో పేజీ తిప్పగానే నూట నలభై అయిదో పేజీలో నాగరత్నం నెరిసిన జుట్టుతో ఏదో ఊరి బడిలో గంట కొడుతోంది. ఇరవై ఏళ్ల జీవితాన్ని ఒక్క ముక్క చెప్పకుండా చెప్పడమంటే ఇదీ అని కళ్లు తుడుచుకున్నాను.

మా ఆవిడ చాయ్ తెచ్చింది. "ఏంది, కండ్లల్ల గా నీళ్లేంది?"

"గేదె," అన్నాను.

"ఏ గేదె?"

"నాగరత్నమే గేదె. గేదెనే నాగరత్నం. నీకు సమజ్ కాదు."

ఆమె గ్లాసు నెమ్మదిగా కింద పెట్టింది. "మన గల్లీ మొగల మంచి డాక్టర్ ఉన్నడు. రేపు పోదాం."

"గేదెకా?"

"మీకు."

ఆ పదహారు పేజీలను మూడుసార్లు చదివి, పద్నాలుగు పుటల నోట్సు రాసుకున్నాను. కొన్ని వాక్యాలు కంఠస్థం చేశాను. "పాలు పూర్తిగా పితికివేయవలెను, చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను" అన్న వాక్యంలో త్యాగం, శుద్ధి అనే రెండు భావాలూ ఇమిడి ఉన్నాయని నేనే కనిపెట్టాను.

జూలై 9న సభ పదకొండింటికి మొదలైంది. అధ్యక్షత టీచరమ్మది. పదకొండూ ఇరవై అయిదుకు నేను లేచాను. నాగరత్నం కథ రెండు నిమిషాల్లో ముగించి గేదెలోకి ప్రవేశించాను. టీచరమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నావైపు చూశారు. చలించిపోయారనుకున్నాను. గొంతు పెంచాను.

వెనక వరుస నుంచి ఒకాయన అడిగాడు: "సార్, గా బర్రె నాగరత్నం ఇంట్లదేనా?"

"కాదు!" అని గర్జించాను. "ఆ ఇల్లే గేదె! తన్నడం తిరుగుబాటు! పొదుగువాపు శతాబ్దాల మౌనం!"

చప్పట్లు మోగాయి. అబద్ధం ఆడను, నాకు నేనే చాలా ఎత్తుగా కనిపించాను. ఇంకా తొంభై అయిదు పేజీల కాలచక్రం గురించి చెప్పి కూర్చుందామనుకుంటుండగా, పదకొండూ నలభై నాలుగుకు, గుమ్మంలో ఇద్దరు ప్రత్యక్షమయ్యారు. ఒకరు యాదగిరి. రెండోవారు మా కాలనీకి పాలు పోసే మల్లేశ్. యాభై ఏళ్ల మనిషి, సంతోష్‌నగర్ అవతల ఎనిమిది బర్రెలున్నాయి. ఆయన చేతిలో, తడవకుండా పాల కవరులో చుట్టిన ఒక పుస్తకం ఉంది.

"సారు, జర ఆగుండ్రి. మస్తు తప్పైంది," అన్నాడు యాదగిరి.

టీచరమ్మ చెయ్యెత్తారు. "లోపలికి వచ్చినోళ్లు ముందు జవాబు చెప్పాలె. పుస్తకం పట్టుకొచ్చిన అన్నా, ఇప్పుడు మీరేం చదువుతున్నరు? ఎందుకు?"

మల్లేశ్ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు. "బర్రెల పుస్తకం మేడమ్. మా బాపు కాలంది. నా బర్రెకు పొదుగు వాసింది, ముప్పై మూడో పేజీల మందు రాసి ఉంటదని తీసిన. తీస్తె అండ్ల బర్రె లేదు. ఒక ఆడమనిషి ఉన్నది."

నా మెదడు ముప్పై మూడు, ముప్పై మూడు అని పాత గడియారంలా కొట్టుకోసాగింది.

యాదగిరి తల గోక్కున్నాడు. "రెండు పుస్తకాల కుట్లు ఒక్కనాడే ఇప్పిన సారు. పదహారు పేజీలకు ఒక్క మడత ఉంటది, ఫారం అంటం. రెండూ ఒక్కటే సైజు, ఒక్కటే పసుప్పచ్చ కాయితం. గాలికి లేసినయ్. ఏరి పెట్టేటప్పుడు మీది ఒక ఫారం ఆయన దాంట్ల, ఆయనది ఒకటి మీ దాంట్ల వడ్డది."

ముప్పై నలుగురూ నవ్వారు. ఎలా నవ్వారంటే, కిందనున్న కిరాణా కొట్టాయన ఏం లొల్లి అయిందో చూడటానికి పైకొచ్చాడు. ఆయనకు కూడా ఎవరో వివరించారు. ఆయన ముప్పై అయిదోవాడు కావలసింది గానీ, నవ్వకుండా జాలిగా చూశాడు. అది ఇంకా ఘోరం.

టీచరమ్మ కాక, నవ్వని మనిషి ఇంకొకరున్నారు. మల్లేశ్ నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"సార్, నా బర్రె సంగతి డాక్టర్ చూసిండు, నయమైంది. గని పది దినాల సంది నాకు ఇంకో ఫికర్ పట్టుకున్నది. గామె ఒడ్డుకు చేరిందా?"

"ఏ ఒడ్డుకు?" అన్నాను నేను. నవల మీద పందొమ్మిది నిమిషాలు ప్రసంగించినవాణ్ణి.

"అదేంది సార్ గట్లంటరు? తలుపు తీసి ఏటిదాక నడిసె గదా. పడవ ఎక్కబోతుంటె పక్కన ఇంకో ఆమెకు నొప్పులొచ్చె. తన దిక్కు ఎవరన్న తరుముకొస్తరేమోనని గుండెల దడ ఉన్నది. అయినా పడవోనితోని 'నువ్వు పో' అన్నది. పడవ పోయింది. చీకటి పడుతున్నది. పిల్ల పుట్టింది. గక్కడ ఆగిపోయింది సార్, పేజీ. ఇంటికాడ మా ఆమెకు చదివి వినిపిస్తె ఆమె నాకంటె ఎక్కువ పరేషానైతున్నది. 'పోయి కనుక్కోనిరాపో' అని ఎల్లగొట్టింది."

టీచరమ్మ లేచి ఆయనకు తన కుర్చీ చూపించారు. "ఆ పదహారు పేజీలు మాకు చదవండి."

"నేనా? నాకు జోరుగ రాదు మేడమ్. ఏలు పెట్టుకుంట చదువుత."

"ఏలు పెట్టుకునే చదవండి."

ఆయన చదివాడు. ప్రతి మాట కింద వేలు పెట్టి, ఒక్కో వాక్యాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా ఎత్తుకుని, అవతల దించి, మళ్లీ ఇంకొకటి ఎత్తుకుని. పడవ వెళ్లిపోయిన చోట ఆగి, వేలు వెనక్కి జరిపి, అదే వాక్యం మళ్లీ చదివాడు. నలభై ఆరు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూసుకున్నది మొదట్లో ఒకసారి, చివర ఒకసారి. మధ్యలో చూసుకోలేదు. నా జీవితంలో అంతకు ముందు అలా జరగలేదు. ముప్పై నలుగురిలో ఒక్కరూ దగ్గలేదు. కిరాణా కొట్టాయన కొట్టు సంగతి మరిచి మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాగరత్నం ఉన్న నవలలో నేను ఒక గేదెను వెతుక్కున్నాను. గేదెను వెతుక్కుంటూ వెళ్లిన ఆ మనిషికి నాగరత్నం దొరికింది.

తర్వాత నా వంతు. నూట నలభై అయిదో పేజీ తెరిచి మొదటి వాక్యం చదివాను: ఏటి అవతలి ఊళ్లో, బడి ముందు, నెరిసిన జుట్టుతో ఆమె గంట కొడుతోంది.

"గంట కొట్టిందా?" అన్నాడు మల్లేశ్ ముందుకు వంగి.

"కొట్టింది మల్లేశన్నా."

"అయితే చేరింది." కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "చేరింది, మస్తైంది."

టీచరమ్మ సంచి సర్దుకుంటూ, పుస్తకాలు మంగళవారం పంపుతానన్నారు. నేను ఆశతో, నా ప్రసంగంలో కొంతైనా విలువుందేమోనని అడిగాను.

"మీ మాటలు విన్నంక బీరువాలకు ఇంకో తాళం కొనాలనుకున్న. ఆయన చదివినంక తీయాలనిపించింది."

"మరి మేడమ్, మీకు మొదటే తెలిసిపోయి ఉంటుంది కదా? ఎందుకు ఆపలేదు?"

"పదకొండు సార్లు చదివిన నవల. అండ్ల బర్రె లేదని నాకు తెల్వదా?" అని ఆమె మొదటిసారి నవ్వారు. "కాని బర్రె గురించి గంత గొప్పగ మాట్లాడంగ నేను ఎన్నడు వినలే. ఆపబుద్ధి కాలేదు."

మెట్లు దిగుతుంటే మల్లేశ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన గొంతులో రవ్వంత వెటకారం లేదు. అదే నన్ను చంపింది.

"సార్, బర్రెల మీద మీకు గంత పానం ఉంటదని నాకు తెల్వకపాయె. నా పుస్తకంల ఇంకా ఎనభై పేజీలున్నయ్. రేపు పాలతోపాటు పంపుత, మనసునిండ చదువుకోండ్రి."

కాబట్టి నేను సైదాబాద్ చదువుల గది సాక్షిగా, అరవై రెండు పుస్తకాల సాక్షిగా, వాటిలోని పదకొండు రైల్వే టైంటేబుళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఏ పుస్తకాన్నైనా మెచ్చుకోవడానికి ముందు దాని పేజీ సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేవో సరిచూసుకుంటాను. ఎవరైనా ఇప్పుడేం చదువుతున్నారని అడిగితే పుస్తకం పేరు చెబుతాను. ఎందుకని అడిగితే, ఇంకా తెలియదని చెప్పి కూర్చుంటాను. నాలుగుకాళ్ల జంతువు ఏదైనా కథలో కనిపిస్తే, అది ఆ జంతువేనని నమ్ముతాను.

నేటి వరకు లెక్క.

పోయినవి: పందొమ్మిది నిమిషాల ప్రసంగం. పద్నాలుగు పుటల నోట్సు. కాలనీ ఫోను గ్రూపులో నా పేరు ముందున్న "సాహితీవేత్త" అన్న మాట. ఇప్పుడక్కడ "బర్రె సార్" అని ఉంది.

మిగిలినవి: టీచరమ్మ పుస్తకాలు నాలుగు వందల పన్నెండు. వాటిలో నేను చదివినవి తొంభై మూడు. మల్లేశ్ చదివినవి రెండు వందల ఆరు.