సైరన్ దాకా ఉరుకు

నస్పూర్‌లో మా కాలనీ గ్రౌండు మీద ఫుట్‌బాల్ ఆట గడియారం చూసి ముగియదు. బొగ్గు గనిని మేము బాయి అంటాం, ఆ బాయి సైరన్ మోగితే ముగుస్తుంది. సాయంత్రం ఐదింటికి అది కూయగానే బాల్ ఎక్కడుంటే అక్కడ వదిలేస్తారు. అందుకే ఒక గోల్ ముందున్న జట్టు చివర్లో ఇంకో గోల్ కోసం పోదు. ఎవరో ఒకరు బాల్ తీసుకుని మూలకు ఉరుకుతారు, గీత వెంట మళ్లీ ఇటు ఉరుకుతారు. సైరన్ కూసేదాకా అదే పని.

గెలిచినవాళ్లు ఎప్పుడు చూసినా బాల్‌తో ఉరుకుతూనే కనబడేవారు. దాంతో ఉరికితేనే గెలుస్తారని కాలనీ అంతా నమ్మింది. అందరికన్నా గట్టిగా నమ్మినవాడు మా ఆయన. ఊపిరితిత్తులు పాడై బాయి పని మానేశాక ఆయనకు మిగిలింది ఆ గ్రౌండు ఒక్కటే. మా కూతురికి ఆట నేర్పింది ఆయనే.

"పాసులు గీసులు మనకద్దు బిడ్డా. బాల్ నీ కాళ్లకాడ ఉంటే అవతలోడు గోలెట్ల గొడ్తడు? ఉరుకు."

"అందరొచ్చి మీద వడ్తరు బాపూ."

"పడనియ్. మీ అవ్వ రోజు నామీద పడ్తలేదా? నేనేమన్న సచ్చిన్నా?"

నేను చేట ముందు కూర్చుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడతాను. తల నెరిసే వయసులో మహిళా సంఘం వాళ్ల బడిలో అక్షరాలు దిద్దాను. బిడ్డ పదో తరగతి అయిపోతోంది. ఆ తర్వాత చదివించే దారి మాకు ఒక్కటే కనిపించింది. కరీంనగర్‌లో జిల్లాల మధ్య జరిగే పోటీలో గెలిచిన జట్టు పిల్లలకు స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు ఇస్తారని బడిలో ఆటల సారు చెప్పాడు. మా జిల్లా తరఫున పోయేది మా కాలనీ పిల్లలున్న బడి జట్టే. గెలవకపోతే నా చేట పక్కన ఇంకో చేట పడుతుంది. ఈ మాట ఇంట్లో ఎవరం అనలేదు. పక్కింటామె అననే అన్నది.

"బిడ్డకు ఆకు కత్తిరిచ్చుడు నేర్పినవా ఒదినే? ఇగ అక్కరకొస్తది."

ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఇంటి ముందునుంచి తల తిప్పుకుని నడిచాను.

మా ఆయనకు దుమ్ము పడదు కాబట్టి కరీంనగర్‌లో ఆఖరి ఆటకు నేనొక్కదాన్నే పోయాను. మా బిడ్డ ఇచ్చిన పాస్‌ను ఇంకో పిల్ల గోల్‌లోకి కొట్టింది. బోర్డు మీద మా జిల్లా పేరు కూడబలుక్కుని చదివాను. పక్కన ఒకటి. అవతలివాళ్లకు సున్నా.

అప్పటినుంచి మా పిల్లలు ఉరకడం మొదలుపెట్టారు. బాల్ దొరికితే మూలకే. సారు ఈ ఏడే మా బడికి వచ్చినవాడు, మా గ్రౌండు పద్ధతి ఆయనకు తెలియదు. గీత బయటనుంచి గొంతు చించుకున్నాడు.

"గిప్పుడే ఎందుకే? ఇంక మస్తు టైమున్నది! ముందటికియ్యుండ్రి!"

వాళ్లు వినలేదు. ఎండ వాలింది. ఐదయింది. మా బిడ్డ మూలలో బాల్ పట్టుకుని ఒక్కసారి తల ఎత్తింది. దేనికోసమో నాకు తెలుసు. నేనూ దానికోసమే చెవులు రిక్కించాను. రోడ్డు మీద బస్సుల హారన్లు తప్ప ఏమీ లేదు. కరీంనగర్‌లో బాయి ఎక్కడిది, సైరన్ ఎక్కడిది? ఆట ఆపాల్సింది రెఫరీ విజిల్. అంతసేపు ఉరికిన మా పిల్లల కాళ్లలో అప్పటికే జీవం లేదు.

"ఊదు సారూ, జర ఊదు, నీ కాళ్లు మొక్కుత," అని గ్రౌండు చుట్టూ కట్టిన తాడు పట్టుకుని గొణుగుతున్నాను. రెఫరీ ఊదలేదు. అవతలి పిల్ల మా బిడ్డ కాళ్ల దగ్గర బాల్ గుంజుకుపోయింది. ఒక గోల్ అయింది. మేము తేరుకునేలోపు రెండోది కూడా అయింది. అప్పుడు మోగింది విజిల్.

గ్రౌండు మెట్ల మీద ఆటల సారును పట్టుకున్నాను. "గంత ఉరికిండ్రు గద సారూ, ఎట్ల ఓడిండ్రు?"

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. "గోల్ గొట్టినంకనే గదమ్మా ఉరుకుడు మొదలువెట్టింది? గెలుస్తున్నోళ్లు ఉరుకుతరు. గెలిపించింది ఉరుకుడు కాదు, మీ బిడ్డ ఇచ్చిన పాస్."

సీటు సంగతి అడగబోయాను. ఆయన లేచి బాల్‌లు సంచిలో వేసుకోసాగాడు.

బస్సు సుల్తానాబాద్ దాటింది. బిడ్డ నా కొంగు పట్టుకుంది. "సారు చెప్పింది బాపుకు చెప్పకవ్వా."

ఇంటికి చేరేసరికి మా ఆయన గడపలోనే కూర్చుని ఉన్నాడు. మా మొహాలు చూడగానే అర్థమైంది. అయినా అడిగాడు.

"ఉరికినవా బిడ్డా?"

"ఉరికిన బాపూ."

"మరి?"

"వాళ్లు మాకన్న ఎక్కువ ఉరికిండ్రు."

ఆయన తల ఊపాడు. "గట్లనా. మరింకేం జేస్తం," అన్నాడు. దగ్గు తెర వచ్చి అటు తిరిగాడు.

నేను నానబెట్టిన ఆకు తీసుకుని చేట ముందు కూర్చున్నాను. బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది.

"కత్తెర గిటియ్యవ్వా."

ఇవ్వకుండా ఎంతసేపు పట్టుకోగలను?