స్కానింగ్ గది బయట మా పాప అడిగిన మాట

మాది కోరుట్ల. నిరుడు మా పదకొండేళ్ల పాపకు తరచూ కడుపునొప్పి వస్తుంటే జగిత్యాల తీసుకెళ్లి స్కానింగ్ చేయించాం. లివర్‌కు కొవ్వు పట్టిందన్నారు డాక్టరమ్మ. పాప కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ ఉండేదా అని అడిగారు. ఉండేదన్నాను.

బయటికి రాగానే, మా వెంట వచ్చిన అత్తమ్మ అందరూ వినేలా మొదలుపెట్టింది. "నీ రోగం నా మనుమరాలికి అంటిచ్చినవ్! గిసొంటిదాన్ని కోడలిగ తెచ్చుకున్నం!"

పెళ్లయిన నాటి నుంచి నోరెత్తని నాకు ఒళ్లు మండిపోయింది. "డాక్టర్ ఇన్సులిన్ రాసిస్తే, కడుపుతోనున్నదానికి సూదులేందని చెత్తల పారేసింది నువ్వు గాదా అత్తమ్మా?" అని అరిచాను.

"నాకే ఎదురు మాట్లాడుతవా?" అంటూ ఆమె నా మీదికి చేయెత్తింది.

అంతలో పాప మా మధ్యకు వచ్చి, "అమ్మా, నేను పుట్టుడే తప్పా?" అని ఏడ్చింది.

అత్తమ్మ ఎత్తిన చేయి దించేసింది. పాపను మళ్లీ లోపలికి తీసుకెళ్లాను. "నీ తప్పేం లేదు బిడ్డా. అమ్మ షుగర్ ఒక్కటే కారణమూ కాదు. తిండి మార్చుకుని, బాగా ఆడుకుంటే తగ్గుతుంది" అని డాక్టరమ్మ ఓపికగా చెప్పారు.

కొవ్వు ఇప్పుడు తగ్గుముఖం పట్టింది. అత్తమ్మను నేనింకా క్షమించలేదు, ఆ రోజు సూదులు పారేస్తుంటే ఊరుకున్న నన్ను కూడా. కానీ తప్పెవరిదన్న మాట మాత్రం పాప ముందు మళ్లీ ఎత్తలేదు.