రూమెనా తల ఊపింది

బల్గేరియా కొండల్లోని గోర్నా లీవాదాలో ఆ మూడు రోజులూ జనం ఒక ఆడమనిషి మెడ గురించే మాట్లాడుకున్నారు.

ఆ మెడ రూమెనా చౌషెవాది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. బడి వంటశాలలో వంట చేస్తుంది. గురువారం సాయంత్రం టీవీలో వంటల పోటీ ఆఖరి పందెం వచ్చింది. అందులో ఆమె పటాట్నిక్, అంటే బంగాళాదుంపల అట్టు, చేసింది. ఇటలీలోని బొలోన్యా నుంచి వచ్చిన జడ్జి రెండు ప్రశ్నలు అడిగాడు. ఆమె నోరు మెదపకుండా రెండుసార్లు తల ఊపింది. గెలుపు వర్నా కుర్రాడికి, అతని చేపల పులుసుకి దక్కింది.

పందెం జరిగింది నెల కిందట. టీవీలో వచ్చేదాకా ఎవరికీ చెప్పనని ఆమె కాగితం మీద సంతకం పెట్టింది. అందుకని ఊరు ఆ రెండు తల ఊపుల్నీ గురువారమే మొదటిసారి చూసింది. ఆ రాత్రే ఫోన్లలో ముప్పై సార్లు చూసింది. రెండూ కలిపి ఎనిమిది సెకన్లు.

మొదటి ప్రశ్న, ఇందులో తప్పు ఉందా అని. రూమెనా తల కిందికీ పైకీ ఆడించింది. రెండో ప్రశ్న, గుడ్డు వేసి ఉంటే సరిపోయేదా అని. ఆమె తల అటూ ఇటూ ఆడించింది.

ఈ కొండల్లో తల కిందికీ పైకీ ఆడితే కాదని. అటూ ఇటూ ఆడితే ఔనని. బయటి దేశాల్లో దీనికి తలకిందులు.

శుక్రవారం పొద్దున రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి స్టామెన్ మాస్టారు తీర్పు చెప్పాడు. ఆయన బడి నుంచి రిటైరై పదేళ్ళయింది గానీ గొంతు ఇంకా రిటైరవలేదు.

"తప్పుందా అని వాడడిగాడు. లేదంది మన పిల్ల. వాడి కళ్ళకి ఔనన్నట్టు కనపడింది. తనే ఒప్పుకుంది కదా అని మార్కులు కోసేశాడు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?"

"మాస్టారూ, చిన్న అనుమానం," అన్నాడు బస్సు నడిపే కోల్యో. "మొదటిది మన పద్ధతిలో చూస్తే రెండోదీ మన పద్ధతిలోనే చూడాలిగా. గుడ్డు వేస్తే సరిపోయేదా అంటే అటూ ఇటూ ఊపింది. అంటే ఔనంది. పటాట్నిక్‌లో గుడ్డు."

వరసలో తలలన్నీ కోల్యో వైపు తిరిగాయి.

"నోరు కడుక్కుని రా," అంది వేల్కా. ఆమె రూమెనా అన్న భార్య. "మా ఇంటా వంటా పటాట్నిక్‌లో గుడ్డు లేదు."

"నేనన్నానా అక్కా? మీ ఆడబిడ్డ మెడ అంది."

"రెండోది పరాయివాళ్ళ పద్ధతిలో ఊపింది," అన్నాడు మాస్టారు. "వాడికి తెలియాలని."

"మొదటిది మన పద్ధతి, రెండోది వాళ్ళ పద్ధతి. మధ్యలో సరిహద్దు దాటిందన్నమాట. పాస్‌పోర్టు చూపించిందా?"

వరసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. మధ్యాహ్నానికి ఆయన అర్జీ రాశాడు. మొదటి సంతకం వేల్కాది. సాయంత్రానికి నాలుగు వందలు దాటాయి. అది ఛానల్‌కి వెళ్ళింది.

రూమెనాని ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె బడిలో చిక్కుళ్ళ పులుసు కలుపుతోంది. దారిలో ఎదురైనవాళ్ళు ఆమె భుజం తట్టి వెళ్ళారు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆమె ఇటలీ వెళ్ళింది. ఫెరారాలో ఒట్టావియా అనే ముసలామెను చూసుకునే పని. మొదటి వారంలో ముసలామె పక్క మీద నుంచి అడిగింది, పొయ్యి మీద పాలు దించావా అని. లేదని రూమెనా తల ఊపింది. దించిందనుకుని ముసలామె ఆమెను మందుల కొట్టుకి పంపింది. వచ్చేసరికి గిన్నె మాడి బొగ్గయింది. ముసలామె తిట్టలేదు. అద్దం ముందు కుర్చీ వేయించి, అందులో రూమెనాని కూర్చోబెట్టింది. ఔను అంటూ కిందికీ పైకీ. కాదు అంటూ అటూ ఇటూ. రోజూ పది నిమిషాలు. నాలుక ఆరు నెలల్లో నేర్చుకుంది. మెడ నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది.

పదమూడేళ్ళు అక్కడే ఉంది. గుమ్మడికాయ కూరి కుడుములు చేసింది. మాంసం పులుసుల్లో కొవ్వు తీసింది. అవన్నీ ముసలామె అమ్మ వంటలు, అత్త వంటలు. ఒక్కసారి మాత్రం తన ఊరి పటాట్నిక్ చేసిపెట్టింది. ముసలామె రెండు ముక్కలు తిని, చలికాలానికి బాగుంటుందిలే అని పళ్ళెం జరిపేసింది. మిగతాది రూమెనా వంటగదిలో నిలబడి తినేసింది. వంటల పోటీకి పేరు ఇచ్చిన రోజు ఆమె మనసులో ఉన్నది ఆ పళ్ళెమే. దాన్ని మనుషులు బల్ల ముందు కూర్చుని తినాలి. ఆమె పక్కన నిలబడి చూడాలి.

ఊరికి తిరిగొచ్చాక మెడ కొన్నాళ్ళు తికమకపడింది. ఇంకా ఉందా అని పిల్లలు పళ్ళేలు చాపితే ఉందని కిందికీ పైకీ ఊపేది. పిల్లలు లేదనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు ఒక నియమం పెట్టుకుంది. ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే మెడ జవాబు చెప్పాలి. ఈ నియమం గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

పందెంలో ఆ జడ్జి ఇటాలియన్‌లో అడిగాడు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి వినపడింది పైన అతికించిన బల్గేరియన్ గొంతు. ఆమె చెవులకి వినపడింది ఒట్టావియా భాష.

పటాట్నిక్ పెద్ద విద్యేమీ కాదు. దుంపలు తురమాలి. నీళ్ళు పిండాలి. ఉల్లిపాయ, పుదీనా, గొర్రెపాల చీజ్ కలిపి మందపాటి పెనంలో సన్నని సెగ మీద పెట్టాలి. పెనం కుదిపితే మొత్తం ఒక్క ముక్కగా కదలాలి. అప్పుడే మూత మీదికి తిరగేసి రెండోవైపు కాల్చాలి. కదలకపోతే ఆగాలి. ఇక ఆగడమే పని. పందెంలో గడియారం పట్టుకున్నవాడు ఇంకా మూడు నిమిషాలేనని అరిచాడు. ఆమె పెనం కుదిపింది. కదల్లేదు. కదల్లేదని చేతికి తెలిసింది. అయినా తిరగేసింది. మూడు ముక్కలైంది. ముక్కలు దగ్గరికి జరిపి పైన పుదీనా ఆకు పరిచింది. జడ్జి ఫోర్కు మొనతో ఆ ఆకు పైకెత్తాడు. ఎత్తి, ఆమె మొహంలోకి చూసి, తప్పుందా అని అడిగాడు.

ఆమె ఆ ముక్కల వైపు చూసింది. ఔనని ఊపింది. విడిపోకుండా గుడ్డు వేసి ఉంటే సరిపోయేదా అన్నాడు. కాదని ఊపింది.

అతనికి రెండూ సరిగ్గానే అర్థమయ్యాయి.

శనివారం ఛానల్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి. ఆదివారం మధ్యాహ్నం కెమెరాతో వస్తామంది. "మీరు లేదన్నారు, ఆయన ఉందనుకున్నారు. ఈ ఒక్క మాట మీ నోటితో చెబితే చాలు మేడం. మీకూ ఆ వర్నా కుర్రాడికీ మళ్ళీ పందెం పెడతాం."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఇంకేముంది. అయిపోయినట్టే."

ఫోన్ పెట్టేసి చూసుకుంటే చేతులు అప్పటికే దుంపలు చెక్కుతున్నాయి. మళ్ళీ పందెం పెడితే తను తొందరపడదు. గడియారం పట్టుకున్నవాడు గొంతు చించుకున్నా తిరగెయ్యదు. తిరగేస్తే అది ఎర్రగా, గుండ్రంగా, ఒక్క ముక్కగా పళ్ళెంలో పడుతుంది. ఆమెకి కావాల్సింది అదే. దానికీ ఆమెకీ మధ్య ఒక్క మాట అడ్డంగా ఉంది.

ఆదివారం పొద్దున వేల్కా జుట్టు దిద్దించుకుని వచ్చింది.

"నీలం కోటు వేసుకో. నల్లది వేసుకుంటే టీవీలో లావుగా కనపడతావు."

"వదినా, నేను ఔనన్నాను."

"ఎవరితో?"

"ఆ జడ్జితో. తప్పుందా అంటే ఔనన్నాను. వాళ్ళు ఊపినట్టే ఊపాను."

వేల్కా నెమ్మదిగా కూర్చుంది. "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నీ మెడలో ఏ భాష ఉందో ఎవడు తొంగిచూశాడు? ఊరు ఊరంతా నీకోసం నిలబడిందే. నీళ్ళ గొట్టాలు పగిలినప్పుడు కూడా ఇంతమంది ఒక మాట మీదికి రాలేదు."

"నాకోసం నిలబడ్డారా, మోసపోయిన మనిషి కోసం నిలబడ్డారా?"

"ఏం, రెండూ ఒకటి కాదా?"

"కాదు."

"ఒక్క అబద్ధమేనే. ఎవరి కొంపా మునగదు."

"ఉత్త అబద్ధమైతే ఆడేదాన్నే వదినా. ఇది వంట గురించి అబద్ధం. ముక్కలైనదాన్ని బాగుందన్నాక రేపు పొద్దున ఏ మొహంతో పెనం పట్టుకోను?"

వేల్కా లేచి కోటు కుర్చీ మీద పడేసింది. "నీ చావు నువ్వు చావు," అని వెళ్ళిపోయింది.

రూమెనా ఆ నీలం కోటే వేసుకుంది.

ఊరి గ్రంథాలయం హాలు నిండిపోయింది. అర్జీ నకలు తలుపుకి అంటించారు. మాస్టారు టై కట్టుకొచ్చాడు. ఛానల్ అమ్మాయి పేరు ఇలియానా. రూమెనాని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మైకు దగ్గరికి పెట్టి, మెత్తగా అడిగింది.

"రూమెనా గారూ, మీ పటాట్నిక్‌లో తప్పు ఉందా?"

హాల్లో అందరూ ఆమె మెడ వైపు చూశారు. ఆమె మెడ కదపలేదు.

"ఉంది," అంది.

వెనక ఎవరో దగ్గారు. కోల్యో ఒక్కసారి పెద్దగా నవ్వి, తన నవ్వు తనకే వినపడి ఆపేశాడు.

"కంగారుపడకు పిల్లా," అన్నాడు మాస్టారు. "ప్రశ్న సరిగ్గా విను."

"విన్నాను మాస్టారూ. ఆ రోజూ సరిగ్గానే విన్నాను. ఇటాలియన్‌లో అడిగాడు, ఇటాలియన్‌లో ఊపాను. ఔనన్నాను. ఆయన ఔననే అనుకున్నాడు."

"అంటే సంతకాలు పెట్టిన నాలుగు వందల మందీ అబద్ధాలకోరులా?"

"మీరు చూసింది మీరు రాశారు. నన్ను అడగలేదు."

"అడిగేదేముంది? కళ్ళారా చూశాం."

"నా మెడని చూశారు. నేను ఇక్కడే ఉన్నాను. బడి వంటశాల మీ ఇంటికి నాలుగు అడుగులు."

మాస్టారు టై సర్దుకున్నాడు. మూడో వరసలో ఒక ఆవిడ లేచింది, ఊలు నేసే మనిషి. ఆమె గొంతులో కోపం లేదు.

"నిన్ను మోసం చేశారంటే నీ పక్కన నిలబడతాం రూమెనా. ఓడిపోయావంటే మేం ఏం చెయ్యాలి?"

"ఓడిపోయినదాని పక్కన నిలబడండి. అది కష్టమైతే ఇళ్ళకి వెళ్ళండి."

రూమెనా మైకు తన చేతిలోకి తీసుకుంది.

"పాతికేళ్ళుగా ఈ చేతులు వండినదంతా ఇంకొకరి పేరు మీదే పోయింది. ఈ తప్పు ఒక్కటే నా పేరు మీద టీవీలో వచ్చింది. ఇది నేను చేసింది. దీన్ని కూడా తీసుకెళ్ళి ఆ బొలోన్యా వాడి ఖాతాలో వేస్తామంటే నేను ఒప్పుకోను."

"మరి గుడ్డు సంగతి?" అని అడిగాడు కోల్యో. వెటకారానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"వెయ్యను. ఆ మాటా ఆ రోజే చెప్పాను. మళ్ళీ వచ్చి నా పొయ్యి పక్కన నిలబడి అడిగినా వెయ్యను."

ఇలియానా కెమెరా పట్టినవాడి వైపు చూసి, ముందుకి వంగి, గొంతు తగ్గించింది. "మేడం, ఇదిలా అయితే టీవీలో వెయ్యడానికి పనికిరాదు. కాస్త బాధగానైనా చెబితే..."

"నాకు బాధగా లేదమ్మా."

"మళ్ళీ పందెం ఉండదండీ మరి."

"తెలుసు."

కెమెరా సర్దారు. తీగలు చుట్టారు. జనం కుర్చీలు చప్పుడు చేస్తూ లేచారు. చాలామంది ఆమె వైపు చూడకుండా వెళ్ళారు. ఊలు నేసే ఆవిడ మాత్రం తలుపు దగ్గర ఆగి, ఆమె వైపు చూసి వెళ్ళింది. మాస్టారు తలుపు మీది అర్జీ జాగ్రత్తగా ఊడదీసి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి దారి అంతా కొండ ఎక్కడమే. ఎండ ఇంకా పెంకుల మీదే ఉంది. రూమెనా వెనక పది అడుగుల దూరంలో వేల్కా నడుస్తోంది. సగం దారిలో వేల్కా అడిగింది.

"నీళ్ళు పిండలేదా?"

రూమెనా ఆగలేదు. "పిండాను."

"మరి?"

"అడుగు గట్టిపడకముందే తిరగేశాను."

ఇంకో నాలుగు ఇళ్ళు దాటారు. వేల్కా రొప్పుతోంది. "నువ్వు పెనం కుదిపినప్పుడు అది కదల్లేదు. టీవీలో నాకు కనపడింది. మీ అన్నతో కూడా అన్నాను, ఇప్పుడే తిరగెయ్యకూడదని. అనేలోపు తిరగేసేశావు."

రూమెనా ఆగి వెనక్కి తిరిగింది. "అంత తెలిసీ అర్జీ మీద మొదటి సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"ఇప్పుడు కొట్టేయిస్తావా?"

"కొట్టేయించను," అంది వేల్కా. ఆమెను దాటుకుని ముందుకి నడిచింది. "ఊళ్ళో నువ్వొక్కదానివే మొండిదానివనుకున్నావా?"