బాబాయి పూసిన సిమెంటు

పోయిన నెల, ఇటుకల మధ్య కూరే, వేడిని తట్టుకునే మోర్టార్‌ను నీళ్లతో కలుపుతుంటే లేచిన పచ్చివాసన ముక్కుకు తగలగానే, డ్రెస్డెన్‌లోని ఈ ఇంట్లో, ఈ ఇటుకల ఫైర్‌ప్లేస్ ముందే, నా చిన్నప్పుడు మా బాబాయి వెలగబెట్టిన ఘనకార్యం గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఇల్లు అమ్మేస్తున్నాం; కొనుక్కుంటున్నవాళ్లు ఫైర్‌ప్లేస్ బాగుచేసి ఇమ్మన్నారు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

అద్దె ఇళ్లలో కరెంటు పొయ్యితోనే ఏళ్లు నెట్టుకొచ్చిన అమ్మ, సొంతింట్లో నిజమైన మంట మీద పాలు పొంగించాలని ఒకే ఒక్క కోరిక కోరింది. ఇటుకల మధ్య మోర్టార్ పగిలి వేలు దూరేంత సందులున్నాయి. చిమ్నీ చూసే మనిషి ఇచ్చిన టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, నెల తర్వాత. హైదరాబాద్ పంతులుగారు పెట్టిన గృహప్రవేశ ముహూర్తమేమో ఎల్లుండి. కీబోర్డు తప్ప పనిముట్టు ముట్టని బాబాయి, మీసం దువ్వుకుంటూ, గరాజ్‌లో మిగిలిన మామూలు సిమెంటు బస్తా ఈడ్చుకొచ్చాడు.

"ఏం గాదు వదినా, సిమెంట్ ఏడున్నా సిమెంటే."

పాతది గీకలేదు, దుమ్ము దులపలేదు, కేకు మీద క్రీములా పైపైన పూసేశాడు. నాన్న పక్కన నిలబడి ఫొటోలు తీశాడు.

గృహప్రవేశం నాడు నవంబరు చలి, గుమ్మం బయట తడి బూట్ల గుట్ట, లోపల పులిహోర పోపు, నేతి పూర్ణాల వాసన, జర్మన్‌లో అరుచుకుంటూ మెట్ల కింద దాగుడుమూతలాడే మేము; వీడియో కాల్‌లో పంతులుగారు మంత్రం చదువుతుంటే అమ్మ పట్టుచీర కొంగు దోపుకుని, ఇనుప స్టాండు మీద ఇత్తడి గిన్నె పెట్టి, కింద మంట వేసింది. కాసేపటికే ఆరని సిమెంటు టపటపా పేలి పెచ్చులుగా పాలల్లో పడింది. బాబాయి సిగ్గుపడ్డాడనుకునేరు!

"మైక్రోవేవ్‌ల పెట్టుర్రి, పాలు పాలే గద" అన్నాడు. మగవాళ్లంతా పగలబడి నవ్వారు. అమ్మ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ మహానుభావుడు మాత్రం పూర్ణాలు అడిగి మరీ వడ్డించుకున్నాడు. వారం తిరక్కుండా ఫైర్‌ప్లేస్‌కు అడ్డంగా టీవీ వచ్చింది.

ఆరేదాకా ఆగడమన్నది మా ఇంటి మగవాళ్లకు చేతకాని విద్య. నేను పాత మోర్టార్ తవ్వితీసి, ఇటుకలు తడిపి, కొత్తది సందుల్లోకి కూరి, పూర్తిగా ఆరనిచ్చి, నిన్న చిన్న మంట వేశాను. ఒక్క పెచ్చు రాలలేదు. ఇంట్లో ఆ సందడీ లేదు, ఆ పిల్లలూ తలో ఊరికి పోయారు. అమ్మను పిలిచి పాలగిన్నె చేతికిచ్చాను.

"వద్దు బిడ్డా, ఇగ ఇది వాళ్లిల్లు."

ఆ పాలు తీసుకెళ్లి కరెంటు పొయ్యి మీద టీ పెట్టింది.