కంచంలో వదిలేసిన అన్నం

మా అమ్మాయి మెడ చుట్టూ నల్లగా ఉంటే మురికనుకున్నాను. ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి చర్మం ఎర్రబడేదాకా రుద్దేదాన్ని. "మంటమ్మా" అని ఏడిస్తే, "పదకొండేళ్లొచ్చాయి, స్నానం చెయ్యడం చేతకాదా" అని కసిరేదాన్ని. అమలాపురంలో పిల్లల డాక్టరుగారు ఆ మెడ చూసి, "ఇది మురికి కాదమ్మా, షుగరు రావచ్చని ఒళ్లు చెప్పే గుర్తు" అన్నారు. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. ఎదిగే పిల్ల కడుపు మాడ్చొద్దనీ, ఈ మూడు నెలలూ బరువు ఇంక పెరక్కుండా చూస్తే చాలనీ, చాలన్నాక మాత్రం బలవంతంగా పెట్టొద్దనీ చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో దాని మెడ వైపు చూడలేకపోయాను.

అప్పట్నుంచి నాకు ఊపిరి సలపలేదు. ఐ.పోలవరం దగ్గర మా ఊళ్లో ఇంటికొచ్చిన పిల్లని నోట్లో ఏదో ఒకటి పెట్టకుండా పంపరు. పక్కింటి పిన్నిగారికి, ఎదురింటి అత్తయ్యగారికి, బడి దగ్గర బజ్జీల బండి ఆవిడకి, పేరుపేరునా చెప్పుకున్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నవాళ్లున్నారు. "పిల్ల నోరు కట్టేత్తన్నావా?" అని ఆడిపోసుకున్నవాళ్లూ ఉన్నారు. సాయంత్రం కాలవగట్టు మీద దానితోపాటు నేనూ నడిచేదాన్ని. దారిలో ఎవరో ఒకరు దాని లావు చూసి నవ్వేవాళ్లు, అది నా కొంగు పట్టుకునేది. అన్నిటికీ ఓర్చుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి ఇంట్లో ఓడిపోయాను.

మా ఆయన రొయ్యల చెరువుల మీద మేత చూస్తారు. మేత చల్లినప్పుడు కొంచెం ట్రేల్లో కూడా వేసి నీళ్లలోకి దించుతారు. రెండు గంటలయ్యాక పైకి లాగితే ఖాళీగా ఉండాలి. మిగిలిందంటే జబ్బేమోనని అందరి గుండెల్లో రాయి పడుతుంది. రెండేళ్ల కిందట ఒక పొద్దున్న ట్రేలు వేసిన మేత వేసినట్టే పైకొచ్చాయి. మూడో రోజుకి చెరువులో రొయ్యంతా చచ్చిపోయింది. గట్టు మీద కూలబడిపోయిన మనిషిని నేనే వెళ్లి లేపి తీసుకొచ్చాను.

అలాంటి మనిషి ఎదురుగా ఓ రోజు పిల్ల "చాలమ్మా" అని కంచంలో అన్నం వదిలేసింది. నాకు పండగే అయింది. ఆయన మొహం మాత్రం పాలిపోయింది. "ఒంట్లో బాలేదా తల్లీ?" అని నుదురు పట్టుకు చూశారు. చేపల పులుసు కలిపి, "ఇది నాన్న ముద్ద, ఇంకొక్కటే" అంటూ నాలుగు ముద్దలు పెట్టేశారు. ఆ తర్వాత రోజూ అదే తంతు.

"మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తారు కదండీ. పిల్లకి పెంచుతున్నారేంటి?" అన్నాను ఒకసారి, ఒళ్లు మండి.

"రొయ్యా పిల్లా ఒకటేనా? తిండి మానేత్తే చూత్తా కూచోమంటావా?" అన్నారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అనుకున్నాను. ఇంకా వాదించే ఓపిక నాకు లేకపోయింది. నిజం చెప్పాలంటే అప్పటికే అలిసిపోయాను.

మూడు నెలలయ్యాక తూస్తే బరువు పెరిగింది. డాక్టరుగారు కోప్పడలేదు, "మళ్లీ ప్రయత్నం చేద్దాం" అన్నారు. కోప్పడింది నేను. అదీ బస్టాండులో, నలుగురూ చూస్తుండగా.

"కడుపు నిండాక కూడా ఎందుకు తింటావే? ఒక్కసారి వద్దనలేవా?"

అది నేల చూపులు చూస్తూ, "నేను వదిలేత్తే నాన్న భయపడతన్నారమ్మా. అందుకని తినేత్తన్నాను" అంది.

బస్సొస్తే ఎక్కి కూర్చున్నాం.

ఇంటికొచ్చి ఆ మాట ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అరుగు మీంచి లేచి చెరువుకి వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. పిల్ల సగం తిని ఆగి, తండ్రి మొహంలోకి చూసింది. ఆయన చెయ్యి అలవాటుగా పులుసు గిన్నె దాకా వెళ్లి ఆగింది.

"చాలు తల్లీ. లేచి చెయ్యి కడుక్కో" అన్నారు.

"నీకు భయంగా లేదా నాన్నా?"

"లేదమ్మా."

అది అబద్ధమని మా ముగ్గురికీ తెలుసు. పిల్ల లేచి వెళ్లి చెయ్యి కడుక్కుంది.